నల్ల బార్లీ మూటతో కార్వేటినగరం

ఫిబ్రవరి, రెండో శనివారం. తిరుపతి నుంచి బయలుదేరినవాళ్ళు: నేను, మా తమ్ముడి కూతురు హరిత, కారు నడిపే ఖాదర్. హరిత ఒళ్ళో గుడ్డసంచిలో నల్ల బార్లీ గింజలు. ప్రయాణం వాటి కోసమే కాబట్టి డైరీలో వాటినీ నాలుగో మనిషిగా రాసుకున్నాను.

నేను ఆస్పత్రి లాబ్‌లో రక్తం, మూత్రం పరీక్షలు చేసి రిటైరైనదాన్ని. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. ఇప్పుడిది ఆ డైరీ ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఆ దారిలో వెళ్ళనివాళ్ళు, ముఖ్యంగా పీచు అంటే జామకాయలో ఉండేది అనుకునేవాళ్ళు చదువుతారని.

హరిత తిరుపతిలోనే పరిశోధన చేస్తోంది. విషయం రంగు బార్లీలలో ఉండే పీచు. అంగట్లో మనకు దొరికే బార్లీ పైపొరలు చెక్కేసిన తెల్లది. ఒంటికి నీరు పట్టినప్పుడు కాచి తాగుతాం. చెక్కకుండా వదిలేస్తే ఊదా, నీలం, నలుపు రంగుల్లో ఉండే రకాలున్నాయని నాకూ ఈమధ్యే తెలిసింది. ఆ పైపొరల పీచు లోపల ఎలా అల్లుకుని ఉంటుంది, ఎంత నీళ్ళు పట్టుకుంటుంది, ఎంత ఉబ్బుతుంది, నూనెను ఎంత పీలుస్తుంది అన్నది హరిత చూస్తోంది. ఊదా, నీలం రకాల పని అయిపోయింది. నల్లది మిగిలింది. ఆ గింజలు ఉత్తరాన మంచుకొండల ఊళ్ళో ఒక రైతు ఇచ్చాడు. ఈ ఏడు అక్కడ పంట పోయింది, ఇంకో మూట వచ్చే ఆశ లేదు. లాబ్ మిషన్లో సగం పట్టేసింది. మిగిలిన సగాన్ని వేడెక్కకుండా, నలిగిపోకుండా రాతి మీద రవ్వగా విసిరి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలి. సోమవారం పొద్దున ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర దానికి సమయం దొరికింది. అది తప్పితే మళ్ళీ ఎండాకాలం దాటాకే. అప్పటిదాకా ఆగలేం, రవ్వ లేకపోతే నల్ల బార్లీ అధ్యాయం తీసేయమని ఆమె గైడ్ చెప్పేశారు.

తిరుపతిలో విసుర్రాళ్ళు హోటళ్ళ గుమ్మాల్లో అలంకారంగా ఉన్నాయి. అంగట్లో కొత్తవి అమ్ముతారు కానీ కొత్త రాయి ఇసుక రాలుస్తుంది. ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్న రాయి కావాలి. వెతికి తీరాలని నిశ్చయించుకున్నాను.

చంద్రగిరి

కోటకు పోయే దారిలో మాకు తెలిసినవాళ్ళ ఇంట్లో పాత రాయి ఉందని విన్నాం. ఆ ఇంటి అవ్వ పెరట్లో అంట్లు తోముతోంది. విషయం చెబితే లేచి, తను కూర్చున్న రాతిని చేత్తో తట్టి చూపించింది.

"ఇదే పై రాయి. దీని మింద కూసోనే నేను అంట్లు తోమేది."

"కింద రాయి యాడ అవ్వా?" అన్నాడు ఖాదర్.

"బోరు మోటరు కింద పెట్టి సిమెంటు పోసినాడబ్బా మావాడు. లేకుంటే ఒకటే అదురుతా ఉండె."

"అంటే మిషను కింద ఒకటి, మనిషి కింద ఒకటి" అన్నాడు ఖాదర్. అవ్వ నవ్వింది కానీ మోటారు కింది రాయి మాత్రం కదిలేది కాదు.

ఆమె అంట్లు తోముతున్నది ఎండిన బీరకాయ పీచుతో. హరిత దాన్ని అడిగి తీసుకుని, నీళ్ళలో ముంచి పైకెత్తి నాకు చూపించింది.

"చూడత్తా, నేను పనిచేసేది ఇదే, కాకపోతే కంటికి కనపడనంత చిన్నది. ఇందులో గదులు గదులుగా ఉన్నాయి కదా, ఆ గదుల్లో నీళ్ళు నిలబడతాయి. దీన్నే రోట్లో వేసి దంచి పొడి చేశావనుకో, గోడలు పడిపోతాయి. పీచు అదే, బరువూ అదే. నీళ్ళు మాత్రం ఇంతగా నిలబడవు."

"పాత్రలు తోమే పీచుకు గూడా సదువుండాదా మ్మే?" అంది అవ్వ.

"ఉంది అవ్వా. కడుపులోకి పోయాక అది ఉబ్బి, అన్నాన్ని తొందరగా కరగనీకుండా పట్టుకుంటుంది. షుగరున్నవాళ్ళకి మంచిది."

"షుగరు నాకూ ఉండాది. అట్లని బీరపీచు తినమంటావా?"

వీధి చివర బండి మీద గుంతపొంగణాలు తిన్నాం. ప్లేటు ముప్పై రూపాయలు. మా వీధిలో యాభై, పైగా చట్నీ రెండోసారి అడిగితే మొహం చూస్తారు. ఇక్కడ బండామె అడక్కముందే వేసింది. పచ్చిమిరపకాయ కారం చెవుల దాకా ఎక్కింది.

పచ్చికాపల్లం దారి

నాకు గుర్తొచ్చిన ఇంకో రాయి కార్వేటినగరం పక్క పల్లెలో ఉంది. మా ఆస్పత్రిలో ఆయాగా చేసి ఊరెళ్ళిపోయిన మునెమ్మది. ఆమె ఇప్పటికీ సంగటికి రాగులు ఇంట్లోనే విసురుకుంటుందని ఎప్పుడో పెళ్ళిలో కలిసినప్పుడు చెప్పింది. ఫోన్ చేస్తే, "రాండక్కా, రాయి నాతో పాటే గట్టిగా ఉండాది" అంది.

దారి పొడుగునా మామిడితోటలు పూతమీద ఉన్నాయి. అద్దాలు దించితే తీపిగా, కొంచెం ఘాటుగా వాసన. ఒకచోట బెల్లం కాస్తుంటే ఆగాం. పెనం ముందు నిలబడిన పెద్దమనిషి మాకు ఆకుల్లో వేడి బెల్లం పెట్టి, డబ్బులు వద్దన్నాడు. తరవాత హరిత సంచిలోకి తొంగిచూసి, అడక్కుండానే కొన్ని గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు.

"అయ్యో, అయ్యో!" అంది హరిత.

"ఏం పాపా, మందు కొట్టిండాదా?"

"మందు లేదు. ఇవి ఇంకెక్కడా దొరకవు."

ఆయన నిదానంగా నమిలాడు. "గోదుమలు మాడినట్టుండాయి. నములుతా ఉంటే జిగట వస్తా ఉండాది" అని, ఆమె ముఖం చూసి పెద్ద బెల్లం ముద్ద ఇంకోటి చేతిలో పెట్టాడు. అక్కడినుంచి హరిత సంచి మూతిని పిడికిట్లో బిగించి పట్టుకునే కూర్చుంది.

కార్వేటినగరం

మునెమ్మ మారలేదు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, మజ్జిగ ఇచ్చి, మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి తను నేలమీద కూర్చుంది. నేను కూరగాయలు తరుగుతానంటే కత్తిపీట దాచేసింది. మా వీధిలో ఎవరింటికి వెళ్ళినా కాసేపటికి చిక్కుడుకాయలో కరివేపాకో నా ఒళ్ళో పెట్టేస్తారు, మాట్లాడుతూ వొలుస్తాం. మునెమ్మ ఊళ్ళో ఇంటికొచ్చినవాళ్ళ చేత పని చేయించుకుంటే ఇరుగుపొరుగు నాలుగు రోజులు చెప్పుకుంటారట.

రాయి వసారాలో ఉంది. అరిగి నున్నగా, పిడి దగ్గర నల్లగా మెరుస్తూ. హరిత దాని చుట్టూ తిరిగి వేలితో తడిమి, నాకేసి చూసి తలూపింది.

"మెత్తగా వద్దు మునెమ్మా. ఉప్మారవ్వలా పలుకు పలుకుగా ఉండాలి. నెమ్మదిగా తిప్పు, వేడెక్కకూడదు" అన్నాను.

"నీకు ఎట్ల కావాలంటే అట్ల ఇసుర్తానక్కా. మీరు ఈడ కూసోని నన్నే సూస్తా ఉంటే నాకు చెయ్యి ఆడదు. పోయి ఆ పాత మహలు సూసుకోని రాండి. కార్వేటినగరం వచ్చి అది సూడకుండా పోతారా?"

హరితకు కదలాలని లేదు. మునెమ్మ చీపురు తీసి నిజంగానే మమ్మల్ని ఊడ్చినట్టు చేసి పంపించింది.

మహలులో మిగిలింది తక్కువ. పెచ్చులూడిన గోడలు, ఎత్తయిన కమానులు, వాటి మీద పావురాలు. ఒకప్పుడు జమీందార్లు ఇక్కడినుంచే చుట్టుపక్కల ఊళ్ళేలారు. ఇప్పుడు మేకలు కాసే ఆయన నీడలో పడుకుని ఫోన్లో సినిమా చూస్తున్నాడు. లోపలికి పోవచ్చా అని అడిగితే, "పాముల్లేవు, పోండి. ఉంటే నేనీడ పండుకుంటానా?" అన్నాడు. హరిత ఒక గోడ దగ్గర ఆగి, సున్నం రాలిన చోట ఇటుకల అమరిక ఎంతసేపో చూసింది. గోడలు చూస్తే ఆమెకు పీచే గుర్తొస్తుందేమో.

తిరిగి వచ్చేసరికి మునెమ్మ గుమ్మంలోనే స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. మూత తీసి మా ముందు పెట్టింది. తెల్లని పిండి. నల్ల మచ్చ ఒక్కటి లేదు.

"సూడక్కా, ఎంత తెల్లంగా వచ్చిండాదో!" అంది. "నువ్వు సెప్పినట్టే రవ్వగా ఇసిరినా. ఆమేన, ఇసిరినాక సూస్తే నల్లంగా, గరగరా అంటా ఉండాది. తిరుపతోళ్ళకి అట్లాంటిది ఎట్ల ఇచ్చేది? ఇంగోతూరి మెత్తంగా ఇసిరి, రెండు తూర్లు సన్న జల్లెడ పట్టినా."

హరిత డబ్బాలోకి వంగి పిండిలో వేలు పెట్టి చూసింది. నేనే అడిగాను. "పొట్టు ఏం చేశావు మునెమ్మా?"

"ఇంగేం సేస్తారు? ఎనుముకు కుడితిలో ఏసినా. ఎంత ఇష్టంగా తాగతా ఉండాదనుకున్నావు!"

అలా అని, కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

కుడితి తొట్టి

ఎలా విసరాలో చెప్పాం. విసిరాక ఏం చేయకూడదో చెప్పలేదు. పొట్టు పారేయకూడదన్న సంగతి మాకు ఎంత తెలిసినదంటే, ఎదుటివాళ్ళకి చెప్పాలని తోచలేదు. ఆ ఇంట్లో పిండి అంటే జల్లించిందే, జల్లెట్లో మిగిలింది పశువుకే. అతిథికి ఇచ్చేదైతే ఇంకా జాగ్రత్తగా జల్లిస్తారు.

ముగ్గురం తొట్టి దగ్గరికి పరిగెత్తాం. గేదె మూతి ఎత్తి మమ్మల్ని చూసి, మళ్ళీ దించింది. అడుగున కాస్త కుడితి, మీద తేలుతూ నల్లని పొట్టు.

"ఇంకా కొంచెం ఉంది పెద్దమ్మా. గుడ్డేసి వడకట్టేస్తాను" అన్నాడు ఖాదర్, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

హరిత అప్పటికే మోచేతి దాకా చెయ్యి పెట్టేసింది. "అవునత్తా. కడిగి ఆరబెడితే ఎవరికి తెలుస్తుంది?"

"అందులో అన్నం మెతుకులున్నాయి. తవుడుంది. వంకాయ తొడిమెలున్నాయి. గేదె ఎంగిలి ఉంది. అది నమూనా కాదమ్మా" అన్నాను.

"ఇది కూడా పోతే నాకేం లేదత్తా."

"లేకపోతే లేదని రాద్దువు. ఏ రోగిదో తెలియని రక్తానికి నేనెప్పుడూ రిపోర్టు ఇవ్వలేదు. చెయ్యి తియ్యి."

తీసింది. కళ్ళనిండా నీళ్ళు. లోపలినుంచి మునెమ్మ కేకేసింది. "ఏంది ముగ్గురూ ఎనుమును అట్ల సూస్తా ఉండారు? కొంటారా ఏంది?"

"ఆమెకి చెప్పొద్దత్తా" అంది హరిత ముఖం తుడుచుకుంటూ. "మర్యాద చేశాననుకుంటోంది."

పిండి పనికిరాదా అని అడిగాను. బార్లీ పిండిలోనూ ఒక పీచు ఉంటుందట, నీళ్ళలో కరిగి జిగురయ్యేది. దాని లెక్క ముందే తేలిపోయింది. ఇప్పుడు కావలసింది కరగనిది, రంగును తనలో పట్టుకుని ఉండేది. అది పొట్టులోనే ఎక్కువ.

మునెమ్మ హరిత ఎర్రటి కళ్ళు చూసి, పిండి నచ్చలేదనుకుంది. దాని మంచితనం చూపించి తీరాలని రెండు దోసిళ్ళు తీసుకుని పొయ్యి మీద ఎసరు పెట్టింది. రాగులకు పోసినన్నే నీళ్ళు, అదే తీరున నడుమ కుప్పగా పోసిన పిండి. కాసేపటికి కెలకబోతే తెడ్డు తిరగలేదు. బలంగా పైకి లాగితే తెడ్డుతో పాటు గిన్నె కూడా లేచింది.

"ఓరి నాయనా! ఇది సంగటా, బంకా?" అంది మునెమ్మ.

ఖాదర్ గిన్నె పట్టుకుంటే ఆమె తెడ్డు పెరికింది. హరితకు కూడా నవ్వు ఆగలేదు. "అదే అత్తా, నేను చెప్పిన జిగురు పీచు" అంది. మునెమ్మ ఇంకా నీళ్ళు పోసి, ఉండలు చేసి, చెనిక్కాయల ఊరుబిండితో, అంటే వేరుశెనగ పచ్చడితో పెట్టింది. చేతికి అంటుకుంటుంది, నాలుకకు జారుతుంది. నేను తినేది తక్కువ. అయినా ఒక్క ఉండతో రాత్రిదాకా ఆకలి లేదు. ఖాదర్ మాత్రం ఇంకోటి అడిగి తిని, దారి పొడుగునా సీటు బెల్టు వదులు చేసుకుంటూనే ఉన్నాడు.

చిత్తూరు

ముందే అనుకున్నట్టు ఆ రాత్రికి చిత్తూరులో ఖాదర్ అక్క షమీమ్ ఇంట్లో దిగాం. అక్కడ పిండి మిషన్లో పట్టించమని అడగడానికి కూడా గింజ మిగల్లేదు. దారంతా హరిత వెనక సీట్లో తెల్లపిండి డబ్బా పక్కన పెట్టుకుని, గైడ్‌కు ఏమని చెప్పాలో మనసులో వాక్యాలు కట్టుకుంటూనే ఉంది.

వాళ్ళింట్లో వచ్చినవాళ్ళు చేతులు కడుక్కోవడానికి లేవరు. చెంబూ పళ్ళెమూ కూర్చున్న చోటికే వస్తాయి, నీళ్ళు పోసేవాళ్ళూ వస్తారు. మొదట మొహమాటపడ్డాను, తరవాత బాగుందనిపించింది. కుష్కా, వంకాయ పులుసు పెట్టారు. కుష్కా అంటే మసాలా దట్టించి వండిన అన్నం, ముక్కలుండవు. నేను మాంసం తిననని ఖాదర్ ముందే చెప్పి ఉంచాడు.

షమీమ్ భర్త మస్తాన్‌కు ఇంటికింద పిండి మిషను ఉంది. భోజనానికి ముందు కిందికి దిగి చూస్తుంటే, గోధుమల డబ్బా పట్టుకుని ఒకామె గట్టిగా తగువాడుతోంది.

"ముందు ఏం పట్టినావు, నిజం సెప్పు."

"మిరపకాయలే. ఆపైన తవుడేసి తిప్పినాను లేమ్మా."

"తవుడేస్తే పోతాదా? మొన్న నా చపాతీలు తిని మా ఇంటాయన చెంబుడు నీళ్ళు తాగినాడు."

"అమ్మా, మిషను కడుపు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ముందోళ్ళది ఒక గుప్పెడు పట్టుకోనే ఉంటాది. నేనేమి సేసేది? కావాలంటే నీ తరవాత వచ్చేటోళ్ళకి నీ గోదుమలు పోతాయి, తీరిపాయె."

ఆమె తిట్టుకుంటూనే పోసింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. లాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు నేను మొదట నేర్పే సంగతి అదే. గాజుగొట్టంలోంచి ఎంత ఊది వదిలినా కొసన ఒక చుక్క మిగులుతుంది. మిషను కడుపులో మిగిలితే రాయి కడుపులో మిగలదా? మునెమ్మ మొత్తం రవ్వగా విసిరాక రెండోసారి మెత్తగా విసిరింది. కానీ ఆ రెండు రాళ్ళ మధ్య, గాళ్ళలో, పై రాతి కంతలో చిక్కుకున్నది జల్లెడ దాకా రాలేదు.

హరితను కిందికి పిలిచాను. "నీకు ఎంత కావాలి?"

"మైక్రోస్కోప్‌కా? చిటికెడు. నీళ్ళ పరీక్షకైతే ఒకసారికి చిన్న గుప్పెడు. మూడుసార్లు చేయాలి. ఎందుకు?"

చెప్పాను. ఆమె ముఖంలో వెలుగు వచ్చింది, వెంటనే పోయింది. "పొద్దున్నే రాగులు విసురుతుంది కదత్తా."

ఫోన్ చేశాం. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాం. "ఆయమ్మ ఫోను ఇంట్లో పెట్టి చేనికాడికి పోయుంటాది" అన్నాడు ఖాదర్. "తెల్లారగానే నేను తీసుకోని పోతాను పెద్దమ్మా."

"ఒక గుప్పెడు పిండికోసం మళ్ళా అంత దూరమా?" అన్నాడు మస్తాన్.

"అవును" అన్నాను.

మళ్ళీ కార్వేటినగరం

ఆదివారం. గంగాధర నెల్లూరు దాటేటప్పుడు టీ తాగుదామా అని ఖాదర్ అడిగితే ఇద్దరం ఒకేసారి వద్దన్నాం. పల్లె వీధిలోకి మలుపు తిరగ్గానే విసుర్రాయి చప్పుడు వినిపించింది. గరగరమని, నెమ్మదిగా, ఆగకుండా. కారు ఆగకముందే హరిత దిగేసింది.

వసారాలో మునెమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని విసురుతోంది. రాయి చుట్టూ ఎర్రటి రాగిపిండి. హరిత అది చూసి మెట్టు మీదే కూలబడింది.

"ఏందక్కా, మళ్ళా వచ్చినారు?" మునెమ్మ పిడి వదిలి లేచింది. "ఏమన్నా మర్చిపోయినారా?"

"మునెమ్మా, నిన్న మాది విసిరాక రాతిలో కొంచెం మిగిలుంటుందే. దానితోనే రాగులు పోసేశావా?"

మునెమ్మకు కోపం వచ్చింది. "దాన్ని కలిపి ఇసుర్తానా? ఏమనుకున్నావక్కా నన్ను? ఇంగొకరి గింజ మా సంగట్లో కలపడం మా ఇంట్లో లేదు. నిన్న మీరు పోతానే రాయెత్తి, ఊడ్చి, ఆమేన పొద్దున రాగులు పోసినా."

హరిత తలెత్తింది. నేను ఆత్రం అణచుకుని, వరసగా అడిగాను. "ఊడ్చింది ఏం చేశావు?"

మునెమ్మ కొంగు సర్దుకుంది. "కోళ్ళకి ఏద్దామనుకున్నా. మీదై పాయె, మిమ్మల్ని అడక్కుండా ఎట్ల ఏసేది? అట్లని ఊడ్చింది తెచ్చి మీ చేతికిచ్చేదానికి మొగం సెల్లలా."

గూట్లోంచి అరిటాకు పొట్లం తీసింది. హరిత దాన్ని ఒళ్ళో పెట్టుకుని విప్పింది. నల్లని పలుకులు. సగం విరిగిన గింజలు, పొట్టు వదలని ముక్కలు, ఒకటి రెండు నలగని గింజలు. జల్లెడ చూడని రవ్వ. పెద్దవాళ్ళ గుప్పెడుకు కొంచెం తక్కువ.

"మాది పోయకముందు కూడా రాయి ఊడ్చావా?" అన్నాను.

"ఊడ్చకుండా? మీ దాంట్లో మా రాగులు కలిస్తే మీరు ఒప్పుకుంటారా?"

"ఏ చీపురుతో?"

"రాతికి వేరే ఉండాది." గోడకు తగిలించిన చిన్న గడ్డి కుంచె చూపించింది. "ఇల్లూడ్చే దాన్ని దాని మింద పెడతామా?"

"రాయి కింద ఏం పరిచావు?"

"ఉతికిన గుడ్డ. ఏందక్కా, పోలీసోళ్ళ మాదిరి అడుగుతా ఉండావు! ఏం కాజేసినా నేను?"

అప్పుడు హరితే చెప్పింది, తనకు కావలసింది పిండి కాదు, పొట్టు అని, తన చదువంతా ఆ పొట్టు గురించేనని. మునెమ్మ నోరు తెరుచుకుని విని, నెత్తి కొట్టుకుంది.

"పొట్టు కోసం సదువుతా ఉండావా మ్మే? ఆ మాట ముందే సెప్పింటే ఎనుముకు పిండేసి, పొట్టు మీకిచ్చిందును గదా!"

ఖాదర్ వసారా స్తంభానికి ఆనుకుని నవ్వుతూనే ఉండిపోయాడు. మునెమ్మ అతన్ని కసిరి, మమ్మల్ని రాగిసంగటి తినకుండా కదలనివ్వలేదు. ఈసారి తెడ్డు తిరిగింది. వేడి వేడి ఉండ నడుమ గుంట చేసి నెయ్యి పోసి, పుల్లగూర పెట్టింది. రెండు రోజుల్లో మేం ఇద్దరం నిదానంగా కూర్చుని తిన్న భోజనం అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో ఎక్కడా ఆగలేదు. పుత్తూరు దగ్గర లారీ అడ్డం తిరిగి కాసేపు ఇరుక్కుపోతే, హరిత పొట్లాన్ని ఏసీ గాలి తగలకుండా, ఎండ తగలకుండా రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. తిరుపతి చేరగానే నన్ను ఇంటి దగ్గర దించి, నేరుగా లాబ్‌కు పోయింది. గింజలోని పిండిని, మాంసకృత్తులను తొలగించి పీచు ఒక్కటే మిగల్చడానికి సాయంత్రమంతా పట్టిందట. మిగిలినదాన్ని తెల్లవారేదాకా ఆరబెట్టింది.

సోమవారం పొద్దున

నన్నూ లాబ్‌లోకి రానిచ్చారు, చెప్పులు బయట విడిచి, ఏదీ ముట్టుకోకూడదన్న షరతు మీద.

హరిత మొదట నీళ్ళ పరీక్ష చేసింది. సన్నని గాజుపాత్రలో అడుగున కొంచెం పీచు, దాని మీద నీళ్ళు. చూస్తుండగా ఏమీ జరగలేదు. మేం పక్క గదికి పోయి వచ్చేసరికి పీచు పైకి లేచి మెత్తగా, నల్లని మేఘంలా నీళ్ళలో నిలబడి ఉంది. మిషన్లో పట్టినది పక్క పాత్రలో అడుగునే అణిగి ఉంది. రెండో పరీక్షకు పీచు లేదు. మిగిలిన చిటికెడు మైక్రోస్కోప్‌కు కావాలి.

దానికి సన్నగా బంగారు పూత పూసి లోపల పెట్టారు. తెరమీద ముందు మిషన్లో పట్టినది వచ్చింది. పెంకులు పగిలి పోగుపడినట్టు, చదునుగా, గదులేమీ లేకుండా. తరవాత మునెమ్మ రాతిది. తేనెపట్టులాగా గది పక్కన గది. కొన్ని గోడలు విరిగాయి, ఎక్కువ నిలబడి ఉన్నాయి. హరిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె గైడ్ కళ్ళజోడు సర్దుకుని, చిత్రాన్ని పెద్దది చేయించి చాలాసేపు చూశారు.

"నీళ్ళ పరీక్ష ఎన్నిసార్లు చేశావు?" అన్నారు.

"ఒకసారేనండి. ఇంక లేదు."

"ఒక్కసారికి వచ్చిన అంకెను ఎలా పెడతావు? అడిగేవాళ్ళు అదే అడుగుతారు. మిగతా రెండు రకాలకు మూడుసార్లు చేశావు కదా, దీనికీ మూడుసార్లూ ఇంతే వస్తుందనుకుని రాసేస్తే..." అని ఆగి, ఆమెకేసి చూశారు.

హరిత నావైపు చూడలేదు. గాజుపాత్ర ఎత్తి, వెలుతురుకు ఎదురుగా పట్టి, అందులో నిలబడిన నల్లని పీచును ఒకసారి చూసి కింద పెట్టింది.

"చిత్రం పెడతానండి. అంకె పెట్టను. ఒకసారే చూశానని, గింజలు చాలలేదని రాస్తాను."

"అధ్యాయం చిన్నదైపోతుంది."

"చిన్నదే ఉండనివ్వండి" అంది హరిత. కుర్చీ లాక్కుని, ఆ చిత్రం కింద రాయాల్సిన మొదటి వాక్యం అక్కడే మొదలుపెట్టింది.